విశాఖకు ఉద్యోగంపై వచ్చే కుటుంబాలు, అద్దె ఇళ్లు: అపోహలు - వాస్తవాలు

ఉద్యోగరీత్యా విశాఖపట్నం వచ్చే కుటుంబాలకు అద్దె ఇళ్లు కుదిర్చే వృత్తిలో ఉన్నందున, వేసవి వచ్చిందంటే నాకు దాదాపు అవే మాటలు వినిపిస్తుంటాయి. వాటిలో కొన్ని ఇతర నగరాల అనుభవం వల్ల ఏర్పడినవి, మరికొన్ని ఇంటి యజమానులు తమ వీలు కొద్దీ ప్రచారంలో పెట్టినవి.

అపోహ: విశాఖ ఒక మోస్తరు ఊరే కాబట్టి, ఎక్కడ ఇల్లు తీసుకున్నా అరగంటలో పనికి చేరుకోవచ్చు.

వాస్తవం: ఒక పక్క సముద్రం, మరో పక్క సింహాచలం కొండలు ఉన్నందున ఈ నగరం నలుదిక్కులా విస్తరించక, 16వ నంబరు జాతీయ రహదారి వెంబడి పొడుగ్గా సాగింది. మధురవాడ నుంచి గాజువాకకు పాతిక కిలోమీటర్ల పైమాటే; దారిలో హనుమంతవాక, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడళ్లన్నీ దాటాలి. పైగా నియామక పత్రంలో విశాఖపట్నం అని రాసి ఉన్నంత మాత్రాన పనిచేసే చోటు విశాఖలోనే ఉండాలని లేదు. పరవాడ ఫార్మాసిటీ, అచ్యుతాపురం సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) రెండూ 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో ఉన్నాయి.

రుషికొండ ఐటీ కొండల మీద పనిచేసేవారికి ఎండాడ, మధురవాడ వీలుగా ఉంటాయి. ఉక్కు కర్మాగారం, ఫార్మా కంపెనీల వైపు వెళ్లేవారికి గాజువాక, కూర్మన్నపాలెం మేలు. భార్యాభర్తలు చెరో దిక్కుకు వెళ్లవలసి వస్తే మధ్యలో ఉండే మర్రిపాలెం, మురళీనగర్ చూడమని చెబుతాను. కంపెనీ బస్సు ఉన్నవారు అది ఎక్కడెక్కడ, ఏ వేళకు ఆగుతుందో తెలుసుకున్నాకే ఇళ్లు చూడటం మొదలుపెట్టాలి. సముద్రానికి దగ్గరగా ఉన్న ఎంవీపీ కాలనీ మీద మనసుపడి ఇల్లు తీసుకున్న వ్యక్తి, పరవాడలో ఉదయం ఆరు గంటల షిఫ్టు కోసం ఇంకా చీకటి ఉండగానే రోడ్డు మీద నిలబడవలసి వస్తుంది.

అపోహ: ముందు ఇల్లు కుదిరితే బడి సంగతి తర్వాత చూసుకోవచ్చు.

వాస్తవం: బడిలో సీటు ఖాయమై, ఆ బడి బస్సు తిరిగే వీధులు తెలిశాకే ఇల్లు వెతకడం మంచిది. బదిలీలుండే కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కేంద్రీయ విద్యాలయాల ప్రవేశాల్లో మొదటి ప్రాధాన్యం ఉంటుంది. ప్రైవేటు ఉద్యోగులకు ఆ వెసులుబాటు లేదు.

అపోహ: సముద్రానికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచి ఇల్లు.

వాస్తవం: గాలి బాగుంటుంది, కాదనను. అయితే ఆ గాలిలోని ఉప్పు కిటికీ ఊచలను, ఏసీ బయటి పెట్టెను తినేస్తుంది; తీరానికి దగ్గరలో చాలాచోట్ల బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు హాలు వైశాల్యం కన్నా ముందు స్నానాల గదిలోని కుళాయి చూడండి: దాని మెడ చుట్టూ తెల్లటి పొర గట్టిగా పేరుకుని ఉన్నా, చేతిలో సబ్బు నురగ రాకపోయినా ఆ నీటితో ఏడాది పొడవునా తిప్పలే. మున్సిపాలిటీ కుళాయి ఎన్నింటికి వస్తుంది, సంపు ఉందా, ఎండాకాలంలో ట్యాంకర్లు తెప్పిస్తారా అన్న ప్రశ్నలు యజమానిని కాక వాచ్‌మన్‌నో, పక్క వాటాలో అద్దెకు ఉన్నవారినో అడగాలి. అపార్ట్‌మెంట్ అయితే ఏప్రిల్, మే నెలల మెయింటెనెన్స్ రసీదులు చూపించమనండి. ట్యాంకర్ల ఖర్చు అక్కడే బయటపడుతుంది.

అపోహ: పదకొండు నెలలకు ఒప్పందం రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

వాస్తవం: దాదాపు అందరూ నమ్మే మాట ఇది. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ఏడాదికి మించిన లీజులకే రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసిన మాట నిజమే కానీ, ఆంధ్రప్రదేశ్ 1999లో దాని 17వ సెక్షన్‌ను సవరించి, గడువుతో నిమిత్తం లేకుండా స్థిరాస్తి లీజులన్నింటినీ రిజిస్ట్రేషన్ పరిధిలోకి తెచ్చింది. స్టాంపు కాగితం మీద రాసి నోటరీ చేయించే వాడుకే నేటికీ సాగుతోంది; అయితే వివాదం కోర్టుకెక్కితే అటువంటి కాగితంలోని షరతులను రుజువు చేసుకోవడం కష్టం. ఏ పద్ధతిలో రాసుకున్నా, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరిట అడ్వాన్సులోంచి ఎంత కోస్తారో అంకెల్లో రాయించుకోండి, ఎందుకంటే నేను చూసిన తగాదాల్లో ఎక్కువ భాగం అక్కడ పుట్టినవే. పాత పన్ను విధానంలో ఉంటూ ఏడాదికి లక్ష రూపాయలు మించి అద్దె కట్టేవారు ఇంటద్దె భత్యం మినహాయింపు కోసం యజమాని పాన్ నంబరు ఇవ్వవలసి ఉంటుంది కనుక, దాన్నీ అప్పుడే అడగాలి.

అపోహ: ఆషాఢంలో ఇల్లు వెతకడం దండగ.

వాస్తవం: ఆ నెలలో ఇల్లు మారేవారు తక్కువ, అందువల్ల బేరం కుదిరే అవకాశం ఎక్కువ. బడులు తెరిచే జూన్ రెండో వారానికే మంచి ఇళ్లు చాలావరకు నిండిపోతాయి, కానీ మిగిలిన ఇళ్ల యజమానులు ఖాళీగా ఉంచడం ఇష్టంలేక అద్దె కొంత తగ్గిస్తారు. ఆషాఢంలో అడ్వాన్సు ఇచ్చి శ్రావణంలో పాలు పొంగించుకునే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మధ్యలో ఇల్లు ఖాళీగా ఉండే రోజులకు పూర్తి అద్దెనా, సగమా, అసలు లేదా అన్నది మాత్రం అడ్వాన్సు చెల్లించకముందే తేల్చుకోవాలి.