ఆకలిని ఆపే హార్మోన్, ధమని గోడ

అమెరికాలోని బార్ హార్బర్‌లో ఉన్న జాక్సన్ ప్రయోగశాలలో 1949లో, ఎంత తిన్నా ఆకలి తీరని ఎలుకలు కనిపించాయి. మామూలు ఎలుకలకు మూడింతల బరువు పెరిగే ఈ ఎలుకల్లో ఒకదాన్ని అక్కడి శాస్త్రవేత్త డగ్లస్ కోల్‌మన్ తరువాతి కాలంలో మరో రకం లావు ఎలుక పక్కన పెట్టి, రెండింటి చర్మాన్నీ కలిపి కుట్టి, ఒకదాని రక్తం రెండోదానిలోకి పారేలా చేశాడు. మొదటిది తిండి మానేసి చిక్కి చనిపోయింది. రెండోది ఎప్పటిలాగే తింటూ ఉండిపోయింది. ఆకలిని ఆపే పదార్థం రెండోదాని రక్తంలో పుష్కలంగా ఉన్నా దాన్ని గుర్తించే శక్తి దానికి లేదనీ, మొదటిదానికి ఆ పదార్థమే లేదనీ కోల్‌మన్ గ్రహించాడు. ఆ పదార్థాన్ని తయారు చేసే జన్యువును 1994లో శాస్త్రవేత్త జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం పట్టుకుంది. ఆ హార్మోనే లెప్టిన్.

లెప్టిన్‌ను మన కొవ్వు కణాలే తయారు చేసి, నిల్వలు సరిపడా ఉన్నాయన్న కబురును మెదడులోని హైపోథాలమస్‌కు పంపుతాయి. స్థూలకాయుల్లో చాలామందికి ఈ హార్మోన్ కొరత లేదు, పైగా మోతాదు మించి ఉంటుంది. అయినా ఆకలిని అదుపు చేసే కేంద్రం దాన్ని లెక్కచేయదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆకలి విషయంలో మొద్దుబారిన శరీరం మిగతా చోట్ల మొద్దుబారదు. రక్తపోటును పెంచే సింపథెటిక్ నాడులు లెప్టిన్‌కు స్పందిస్తూనే ఉంటాయి. ధమని లోపొర కణాలపైనా దాని గ్రాహకాలు, అంటే దాన్ని గుర్తించి అందుకునే అణువులు, ఉన్నాయి. అక్కడ లెప్టిన్ అదే పనిగా తగులుతూ ఉంటే వాపు రేగుతుంది. ఆ వాపున్న చోటికి చేరిన తెల్లకణాలు కొలెస్టరాల్‌ను మింగి, నురగలా ఉబ్బి, గోడలోనే ఉండిపోతాయి. గుండెపోటుకు దారితీసే కొవ్వు ఫలకం ఇలా పేరుకుంటుంది.

లావు వల్లే ఇదంతా జరుగుతుందని అనుకోవచ్చు. కానీ పుట్టుకతోనే లెప్టిన్ లేనివారికి విపరీతమైన ఊబకాయం ఉన్నా రక్తపోటు పెరగదు. లెప్టిన్ లేని ఎలుకల ధమనిని గాయపరిస్తే రక్తం ఆలస్యంగా గడ్డకడుతుంది, లెప్టిన్ ఇస్తే త్వరగా గడ్డకడుతుంది. పశ్చిమ స్కాట్లండ్‌లో కొలెస్టరాల్ ఎక్కువున్న పురుషులపై జరిగిన అధ్యయనంలో, శరీర బరువును లెక్కలోకి తీసుకున్న తరువాత కూడా, లెప్టిన్ ఎక్కువున్నవారికి గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించిందని 2001లో వెల్లడైంది. ఒక్క అధ్యయనంతో కారణం రుజువైపోదు గాని, ఎలుకలూ మనుషులూ ఒకే దిక్కు చూపినప్పుడు దాన్ని కొట్టిపారేయలేం.

ఇది మనకు దగ్గరి సంగతి. సన్నగా కనిపించినా పొట్ట చుట్టూ కొవ్వు దాచుకునే శరీరతత్వం భారతీయుల్లో ఎక్కువ. అందుకే మన వైద్యులు నడుము కొలతలో పురుషులకు 90, స్త్రీలకు 80 సెంటీమీటర్లను హద్దుగా పెట్టుకున్నారు. తూకం మీద మామూలుగా ఉన్న మనిషికి కూడా టేపు చుట్టి చూడడం నా దృష్టిలో చాలా అవసరం.

ఆకలి హార్మోన్లన్నీ ధమనికి శత్రువులు కావు. భోజనం తరువాత పేగు విడుదల చేసే, ఆకలిని తగ్గించే హార్మోన్ జీఎల్‌పీ-1 రక్తంలో రెండు నిమిషాలకే సగానికి తగ్గిపోతుంది. దాన్ని అనుకరిస్తూ రోజుల తరబడి నిలిచే సెమాగ్లూటైడ్ మందును, గుండె లేదా రక్తనాళాల జబ్బుతో పాటు అధిక బరువున్నా మధుమేహం లేని 17,604 మందిపై పరీక్షించారు. గుండెపోటు, పక్షవాతం, గుండెజబ్బు మరణాలు కలిపి 20 శాతం తగ్గాయని 2023లో తేలింది. నన్ను అన్నిటికన్నా ఆలోచింపజేసింది తరువాతి విశ్లేషణ: బరువు కొద్దిగానే తగ్గినవారికి కూడా ఆ మేలు దక్కింది.