రెండు రంగుల కాడ గ్లాసులు: అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో మా ఇంటి అద్దాల బీరువా నిండా పాత గాజు గ్లాసులే. అన్నీ పొడుగు కాడవి. గిన్నె ఒక రంగు, కాడ ఇంకో రంగు. చూడ్డానికి వచ్చినవాళ్లలో చాలామంది మొదట అనే మాట: "ఒక రంగు పెయింటే కదన్నా?"

చాలావాటిలో కాదు. కొలిమి దగ్గర రంగులేని గాజుతో గిన్నె ఊది, వేడి మీదే రంగు గాజు ముద్దను దానికి అతికించి కాడగా సాగదీస్తారు. చల్లారేటప్పుడు రెండు గాజులూ దాదాపు ఒకే మేర కుంచించుకోవాలి. లేకపోతే అతుకు దగ్గరే పగులుతుంది. అందుకే ఏ రంగు గాజు పడితే దాన్ని అతికించలేం.

అసలు అతుకే లేని రెండు రంగులూ ఉన్నాయి. 1883లో అమెరికాలో జోసెఫ్ లాక్ పేటెంట్ తీసుకున్న ఆంబరీనా గాజులో కొద్దిగా బంగారం కలుస్తుంది. మొదట అంతా తేనె రంగే. ఒక భాగాన్ని మళ్లీ కాలిస్తే ఆ మేరకే ఎర్రబడుతుంది. తేనె రంగు ఎక్కడ ఆగి ఎరుపు ఎక్కడ మొదలైందో గీత గీసి చూపలేం. నాకు అన్నిటికంటే ఇష్టమైనది అదే.

పైపూత ఉన్నవీ దొరుకుతాయి. పెదవి తగిలే అంచు మీద లెన్స్ పెట్టండి. పూత అరిగిన చోట కింద రంగులేని గాజు బయటపడుతుంది. అంతమాత్రాన అది నకిలీ కాదు. 19వ శతాబ్దంలో బొహీమియా (ఇప్పటి చెక్ దేశంలోని ప్రాంతం) పనివాళ్లు ఇలా పూత వేసి, దాన్ని చెక్కి అద్భుతాలు చేశారు.

అపోహ: రంగు మారితే మోసం.
చిత్తూరు నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. "మోసపోయినానన్నా! షాపులో నీలంగా ఉండె, ఇంటికి తెచ్చి ఎండలో పెడితే ఊదాగా ఉంది." ఆయనకు దొరికింది నియోడిమియం అనే లోహం కలిపిన గాజు. ట్యూబ్‌లైటు కింద నీలం, పగటి వెలుగులో లేత ఊదా. దాని గుణమే అది. తిరిగి ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను.

అపోహ: యూవీ (అతినీలలోహిత) టార్చ్ కింద పచ్చగా వెలిగితే పాతదే.
యురేనియం కలిపిన గాజు అలా వెలుగుతుంది. కానీ దాన్ని ఇప్పటికీ కొద్దికొద్దిగా చేస్తున్నారు. మాంగనీసు ఉన్న గాజూ మసగ్గా వెలుగుతుంది. టార్చ్ వయసు చెప్పదు.

మీటితే ఖంగుమన్నంత మాత్రాన అది సీసం కలిపిన గాజు అయిపోదు. సన్నటి మామూలు గాజూ మోగుతుంది.

అపోహ: తెల్లబడితే ఇక పనికిరాదు.
మన బోరు నీళ్ల మచ్చలైతే వెనిగర్‌తో పోతాయి. డిష్‌వాషర్ పొడి తినేసిన మసక మాత్రం పోదు. చల్లగా ఉన్న గ్లాసులో ఒకసారి నేను వేడినీళ్లు పోశాను. టిక్కుమంది. తేనె రంగు కాడ పైన, సరిగ్గా అతుకు దగ్గర, వెంట్రుకంత చీలిక. ఆ శబ్దం ఇప్పటికీ మర్చిపోలేదు. అప్పటినుంచి తొట్టిలో తువ్వాలు పరిచి, గోరువెచ్చని నీళ్లతో ఒక్కొక్కటే కడుగుతాను. తుడిచేటప్పుడు గిన్నెనే పట్టుకుంటాను, కాడ పట్టుకుని తిప్పను.