గర్భం నిలిస్తే చాలదు: చైనా మూలికల నిషేధ జాబితాలో ఉన్నవి, లేనివి

సుమారు క్రీ.శ. 200 నాటి చైనా వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్ పేరిట వచ్చిన ‘జిన్‌గ్వీ యావ్‌ల్యువె’లో గర్భిణుల కోసం ఒక అధ్యాయం ఉంది. వేవిళ్ల వాంతులు ఎంతకీ ఆగకపోతే ఏం చెయ్యాలో అందులో రాశారు. శొంఠి ఒక పాలు, జిన్‌సెంగ్ ఒక పాలు, బాన్‌షియా దుంప రెండు పాళ్లు పొడిగొట్టి, అల్లం రసంతో ఉండలు కట్టి, పూటకు పది చొప్పున రోజూ మూడు పూటలా ఇవ్వాలి. బాన్‌షియా మన చేమ, కంద కుటుంబానిదే. పచ్చిగా నోట్లో పెడితే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాలు గుచ్చుకుని నాలుక మొద్దుబారుతుంది, గొంతు వాస్తుంది. అందుకే అల్లంతో, పటికతో శుద్ధి చేశాకే వాడతారు. విచిత్రం ఏమిటంటే, వేవిళ్లకు మందుగా చెప్పిన ఈ దుంపనే తర్వాతి తరాల పుస్తకాలు గర్భిణులకు కూడదన్న పట్టికలో చేర్చాయి.

అంటే ఏది కూడదన్న విషయంలో చైనా సంప్రదాయంలోనే మొదటినుంచీ ఏకాభిప్రాయం లేదు. రోగం ఉండి ఇచ్చిన మందు తల్లినీ బిడ్డనూ చెరపదని, అయితే రోగం సగానికి పైగా తగ్గగానే ఆపెయ్యాలని ప్రాచీన వైద్య గ్రంథం ‘హువాంగ్‌దీ నేయ్‌జింగ్’ చెప్పింది. ఈ వెసులుబాటు మీద వైద్యులు శతాబ్దాలు వాదించుకున్నారు. 1237లో చెన్ జిమింగ్ స్త్రీల వైద్యం మీద రాసిన పెద్ద గ్రంథంలో నిషిద్ధ మందులను, కంఠతా పట్టడానికి వీలుగా, పద్యంగా కూర్చారు. 1596లో అచ్చయిన లీ షిజెన్ మూలికా సంకలనంలో ఆ పట్టిక ఎనభై పేర్లు దాటింది.

పట్టిక చదివితే దాని తర్కం తెలుస్తుంది. కస్తూరి, కుసుమ పువ్వు, పీచ్ గింజ, సాన్‌లెంగ్ అనే దుంప రక్తాన్ని కదిలిస్తాయని చేర్చారు. నేపాళం లాంటివి ఘాటైన విరేచనకారులు. పాదరసం, సెనగపాషాణం (ఆర్సెనిక్) విషాలు. ఈనాటి చైనా ఫార్మకోపియా, అంటే అక్కడి అధికారిక మందుల ప్రమాణ గ్రంథం, వీటిని ‘నిషిద్ధం’, ‘మానుకోవాలి’, ‘జాగ్రత్త’ అని మూడు మెట్లుగా విడదీస్తుంది. నేపాళం, కస్తూరి, సాన్‌లెంగ్ మొదటి మెట్టులోనూ, కుసుమ పువ్వు, పీచ్ గింజ మూడో మెట్టులోనూ ఉన్నాయి. పాత వైద్యుల కొలత ఒక్కటే: తాగాక గర్భం పడిపోయిందా, నిలిచిందా?

ఆ కొలతతో వాళ్లు కొన్ని సరిగ్గానే పట్టుకున్నారు. మన పొట్లకాయ జాతికే చెందిన ఒక తీగ దుంపను చైనాలో త్యెన్‌హ్వాఫెన్ అంటారు. దాని నుంచి వేరు చేసిన ట్రైకోసాంథిన్ అనే ప్రోటీన్ కణాల్లో ప్రోటీన్ తయారీని ఆపేస్తుంది, ముఖ్యంగా మాయ (ప్లాసెంటా) కణాలను చంపుతుంది. 1970లలో చైనా ఆస్పత్రుల్లో దీన్ని ఇంజెక్షన్‌గా ఇచ్చి గర్భస్రావాలు చేశారు. కాకరగింజల్లో కూడా ఇలాంటి ప్రోటీనే ఉంది. అయితే ఇంజెక్షన్‌గా ఎక్కించిన ప్రోటీన్ వేరు, కడుపులో అరిగే కూర వేరు. కాకరకాయ కూర తింటే గర్భం పోతుందని దీన్నిబట్టి తేల్చకూడదు.

ఆ కొలతకు అందనివి కూడా ఉన్నాయి. గర్భం నిలిచి, నెలలు నిండి, కాన్పు సుఖంగా అయ్యాక బయటపడే హాని అందులో లెక్కకు రాదు. నిజానికి ఆధునిక వైద్యం కూడా దీన్ని ఆలస్యంగానే గుర్తించింది. వేవిళ్లకు వాడిన థాలిడోమైడ్ అనే మందు 1961లో మార్కెట్ నుంచి వెనక్కి పోయేసరికి వేలమంది పిల్లలు కాళ్లూచేతులూ సరిగా లేకుండా పుట్టారు.

సింగపూర్‌కు ఈ పాఠం హువాంగ్‌లియాన్ రూపంలో వచ్చింది. బెర్బరిన్ అనే రసాయనం నిండిన ఈ చేదు వేరును గర్భిణులు తాగడం, పుట్టిన బిడ్డకు కూడా ‘గర్భవిషం’ పోవాలని చుక్కలు పట్టడం దక్షిణ చైనీయుల్లో పాత ఆచారం. సింగపూర్‌లో నవజాత శిశువుల్లో పచ్చకామెర్లు ముదిరి మెదడు దెబ్బతినే కెర్నిక్టెరస్ ఎక్కువగా కనిపించేది. జీ6పీడీ అనే ఎంజైము లోపమున్న పిల్లల్లో కొన్ని పదార్థాలు ఎర్రరక్తకణాలను పగలగొడతాయి. దాంతో కామెర్లకు కారణమయ్యే బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరుగుతుంది, పసి కాలేయం దాన్ని వదిలించుకోలేదు. పైగా బెర్బరిన్ బిలిరుబిన్‌ను రక్తంలో పట్టి ఉంచే ఆల్బుమిన్ అనే ప్రోటీన్ నుంచి విడగొట్టి మెదడు వైపు తోస్తుందని ప్రయోగశాలలో తేలింది. పిల్లల వైద్యుడు వోంగ్ హాక్ బూన్ మూలికలతో పాటు కలరా ఉండల మీద కూడా వేలెత్తి చూపారు. 1965 నుంచి పుట్టిన బిడ్డలకు బొడ్డుతాడు రక్తంతో జీ6పీడీ పరీక్ష మొదలైంది. 1978లో బెర్బరిన్ మీద నిషేధం వచ్చింది. తర్వాత ఆధారాలను మళ్లీ తూచి, 2013లో తయారీ మందుల్లోనూ 2016లో విడి మూలికగానూ అనుమతించారు, హెచ్చరికలు మాత్రం ఉంచారు. మన దారుహరిద్ర, మానుపసుపుల్లో ఉన్నదీ బెర్బరినే. పీసీఓఎస్‌కని బెర్బరిన్ క్యాప్సూల్స్ ఆన్‌లైన్‌లో తెప్పించుకుని వాడుతున్నవాళ్లు నెల తప్పిన రోజే ఆ డబ్బా పక్కన పెట్టాలి.

ఇంకా చిక్కైనది ‘గర్భాన్ని నిలిపే’ మందుల సంగతి. హువాంగ్‌చిన్, బాయ్‌జూ వేర్లను 14వ శతాబ్దపు వైద్యుడు జూ దాన్‌షీ ఆకాశానికెత్తారు. తైవాన్‌లో గర్భం నిలవడానికి తాగే ఆన్‌తాయిన్ అనే కషాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. అక్కడ 14,551 కాన్పుల వివరాలు పరిశీలించి 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మొదటి మూడు నెలల్లో హువాంగ్‌లియాన్ వాడకానికి నాడీవ్యవస్థ లోపాలతోనూ, ఆన్‌తాయిన్ వాడకానికి కండరాలు-ఎముకల లోపాలతోనూ, కంటి లోపాలతోనూ సంబంధం కనిపించింది. ఇది రుజువు కాదు. రక్తస్రావం కనిపించి భయపడ్డవాళ్లే ఆన్‌తాయిన్ తాగుతారు కాబట్టి, తప్పు మందుదో, మొదటినుంచే బలహీనంగా ఉన్న గర్భానిదో విడదీయడం కష్టం. కానీ ‘వెయ్యేళ్లుగా వాడుతున్నాం’ అన్న మాట ఇక్కడ చెల్లదు. అలాంటి లోపం అరుదుగా వస్తుంది, దాన్ని ఎప్పుడో తాగిన కషాయంతో ముడిపెట్టే లెక్కలు ఏ వైద్యుడూ పెట్టుకోలేదు. గర్భస్రావ భయానికి ఈ మూలికల వాడకంపై 2012లో కోక్రేన్ సమీక్ష (వైద్య ప్రయోగాల ఫలితాలను కలిపి తూచే సమీక్ష) 44 ప్రయోగాలను, 5,100 మంది స్త్రీలను చూసింది. మామూలు మందులకు జోడిస్తే గర్భం నిలవడం మెరుగైనట్టు కనిపించినా ప్రయోగాల నాణ్యత తక్కువని, భద్రత గురించి ఏమీ తేలలేదని చెప్పింది.

అసలు చైనా నిషేధ పట్టికల్లోనే లేని మూలిక అతిమధురం. చైనా కషాయాల్లో చాలావాటిలో ఇది పడుతుంది. మన దగ్గర దగ్గుకు చప్పరించేదీ ఇదే. ఇందులోని గ్లిసరైజిన్, తల్లి రక్తంలోని కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను బిడ్డకు చేరకుండా మాయలో కాపలా కాసే ఎంజైమును అడ్డుకుంటుంది. ఫిన్లాండ్‌లో అతిమధురం మిఠాయిలు ఎక్కువగా తింటారు. అక్కడ వారానికి 500 మిల్లీగ్రాములకు మించి గ్లిసరైజిన్ తీసుకున్న తల్లులకు కాన్పు కాస్త ముందుగా వచ్చినట్టు 2001లో రాశారు. ఆ స్థాయిలో తీసుకున్నవారి పిల్లలు పన్నెండేళ్ల ప్రాయంలో తెలివితేటల పరీక్షల్లో వెనకబడినట్టు 2017లో రాశారు. చైనా ఫార్మకోపియా ప్రకారం ఈ వేరులో కనీసం 2 శాతం ఆ పదార్థం ఉండాలి. రోజుకు 6 గ్రాములు వేస్తే 120 మిల్లీగ్రాములు, వారానికి 840. అంతా కషాయంలోకి దిగకపోయినా ఆ 500 గీతకు దూరమేమీ కాదు.

మూలిక మంచిదైనా పొట్లంలో ఉన్నది అదే అన్న భరోసా లేదు. బ్రస్సెల్స్‌లో 1990ల మొదట్లో ఒళ్లు తగ్గించే మందులో ఫాంగ్‌జీ అనే మూలికతో పేరు పంచుకునే మరో మొక్క కలిసి, వందమందికి పైగా స్త్రీల కిడ్నీలు పాడయ్యాయి. కాలిఫోర్నియా అధికారులు పరీక్షించిన 260 ఆసియా తయారీ మందుల్లో 83లో చెప్పకుండా కలిపిన అల్లోపతి మందులో, భార లోహాలో ఉన్నట్టు 1998లో వెల్లడైంది. ఈ చిక్కు చైనా మందులదే కాదు. 2011–12లో న్యూయార్క్‌లో ఆయుర్వేద మందులు వాడి సీసం విషప్రభావానికి గురైన ఆరుగురు గర్భిణుల్లో ఐదుగురు భారతదేశంలో పుట్టినవారే. సీసం మాయను దాటి బిడ్డకు చేరుతుంది.

ఇప్పటికే వాడుతున్నవాళ్లు డాక్టరుకు పేరు ఒక్కటే చెప్పడం చాలదు, పొట్లాన్నే తీసుకెళ్లాలి. మొక్క శాస్త్రీయ నామం, పచ్చిదా శుద్ధి చేసిందా, రోజుకు ఎన్ని గ్రాములు, కషాయమా గుళికలా అన్నవి తెలియాలి, ఎందుకంటే గుళికలో ఒక గ్రాము చాలాసార్లు ఎన్నో గ్రాముల వేరుకు సమానం. నెల తప్పిన తర్వాత ఎన్నో వారం దాకా తాగారో కూడా రాసి ఇవ్వాలి. అవయవాలు ఏర్పడేది ఎక్కువగా మొదటి పది వారాల్లోనే కాబట్టి, స్కాన్‌లో ఏం వెతకాలో డాక్టరుకు తెలిసేది ఆ తేదీల వల్లే.