పడమటి గోడకు రాత్రి వేడెందుకు?

మౌలాలి నుంచి ఒక పాఠకురాలు అడిగారు: "మాది పాత రాతి ఇల్లు. ఎండాకాలం నాలుగింటికి పడమటి గది బాగానే ఉంటుంది. రాత్రి పదకొండింటికి గోడ మీద చెయ్యి వేస్తే కాలుతుంది. వాస్తు దోషం, గుమ్మం మార్చమని ఒకాయన చెప్పారు. మార్చాలా?"

మార్చకండి. గుమ్మం ఏ దిక్కున ఉన్నా వేడి రాయిలోంచే రావాలి. 30 సెంటీమీటర్ల రాతి గోడ దాటడానికి పగటి వేడికి సుమారు 7 గంటలు పడుతుంది. నాలుగింటి ఎండ మీకు పదకొండింటికి తగులుతోంది.

నాకు అంతకంటే ఆసక్తి, దీన్ని కంప్యూటర్ ఎలా లెక్కకట్టాలన్నది. వేడి నడిచే సమీకరణం ఫూరియే 1822 నాటి పుస్తకంలోనే ఉంది. కాలంతో పాటు మెల్లగా పరుచుకుని సర్దుకునే వాటిని వర్ణించే పారబోలిక్ సమీకరణాల్లో అది పెద్దన్న. డిగ్రీలో దాన్ని ఒకే లోహపు కడ్డీ మీద నేర్పి వదిలేస్తారు, అదే నా బాధ. గోడను దగ్గర్నుంచి చూడండి: గాజులా మెరిసే క్వార్ట్జ్ గింజ, పక్కన ఫెల్డ్‌స్పార్, నల్లటి అభ్రకం చుక్క, రాళ్ల మధ్య డంగు సున్నం. ఒక్కోదాని ఉష్ణ వాహకత, అంటే వేడిని ఎంత సులువుగా పోనిస్తుందన్నది, ఒక్కో రకం.

3 మీటర్ల ఎత్తు, 3 మీటర్ల పొడవున్న ఆ గోడను 1 మి.మీ. ఘనాలుగా కోస్తే 270 కోట్లు అవుతాయి. సులువైన పద్ధతిలో కాలాన్ని సెకనులో ఆరో వంతు కంటే చిన్న అడుగులుగా వెయ్యాలి, లేకపోతే విలువలు పిచ్చిగా పెరిగిపోతాయి. ఒక్క రోజుకే 5 లక్షలకు పైగా అడుగులు!

పోనీ, సగటు తీస్తే? రాయి వాహకత 3, సున్నానిది 0.6 అనుకోండి, సమాన మందం పొరలు. సగటు 1.8. పొరల వెంబడి పోయే వేడికి అది సరిపోతుంది. పొరలను అడ్డంగా దాటే వేడికి సరిపోదు. 6 కిలోమీటర్లు పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీద గంటకు 60 వేగంతో వచ్చి, దిగాక 6 కిలోమీటర్లు ట్రాఫిక్‌లో 12తో వెళ్లారనుకుందాం. 6 నిమిషాలు, ఆపైన 30 నిమిషాలు. 12 కిలోమీటర్లకు 36 నిమిషాలంటే వేగం గంటకు 20; 60, 12ల సగటైన 36 కాదు. ఇరుకు దారే మొత్తాన్ని శాసిస్తుంది. గోడలోనూ అంతే, అడ్డంగా వాహకత 1 మాత్రమే. ఒకే గోడకు ఒక దిక్కున 1.8, ఇంకో దిక్కున 1! వేడిని దాచుకునే శక్తికి మాత్రం మామూలు సగటు చాలు.

అడ్డదిడ్డంగా పడి ఉన్న గింజలకు ఇలాంటి సూత్రం లేదు. అందుకే గణితవేత్తలు వైనాన్ ఈ (ఇంటిపేరే 'ఈ'), బ్యోర్న్ ఎంగ్‌క్విస్ట్ 2003లో ప్రతిపాదించిన బహుళస్థాయి పద్ధతి నాకు అంత ఇష్టం. గోడకు పెద్ద గళ్లే వేస్తారు. ఒక్కో గడిలో చిన్న ముక్క తీసుకుని, ఒక వైపు ఒక డిగ్రీ ఎక్కువ పెట్టి, ఎంత వేడి దాటిందో అక్కడే లెక్కిస్తారు. ఆ ముక్క చెప్పిన వాహకతే గడికంతా. గింజలు రోజంతా కదలవు కాబట్టి ఒకసారి లెక్కిస్తే చాలు.

ఇలా చెయ్యొచ్చని భరోసా ఏమిటి? వేడి సర్దుకునే కాలం దూరపు వర్గంతో పెరుగుతుంది. 1 మి.మీ. గింజలో తేడా సుమారు సెకనులో సర్దుకుంటే, 300 రెట్లు మందమైన గోడకు 90,000 సెకన్లు, అంటే 25 గంటలు. గోడ మొత్తం వేడి మారేలోపు గింజల్లో వేడి ఎప్పుడో కుదురుకుంటుంది.

మీ గోడలో ఇనుప దూలం ఉంటే మాత్రం ఏ చిన్న ముక్కా దాన్ని చూపించలేదు. అక్కడ దూలం పొడవునా సన్న గళ్లు వెయ్యాల్సిందే.