శాండీ హుక్ ఓటు వెనక కథ

2016 నవంబరు 8, అమెరికా అధ్యక్ష ఎన్నికల రాత్రి, అందరి కళ్లూ మిషిగన్, విస్కాన్సిన్ లెక్కల మీద ఉండగా, కెంటకీ రాష్ట్రం తూర్పు కొండల్లో ఓ చిన్న కౌంటీ (మన జిల్లా లాంటిది) 144 ఏళ్ల ఆనవాయితీని పక్కన పెట్టేసింది. దాని పేరు ఎలియట్. ముఖ్యపట్టణం శాండీ హుక్. జనాభా ఏడు వేల చిల్లర, అందులోనూ అక్కడి రాష్ట్ర జైలు ఖైదీలు కలిసే ఉన్నారు. 1872 నుంచి 2012 దాకా వరసగా 36 అధ్యక్ష ఎన్నికల్లో ఎలియట్ డెమొక్రాట్లనే గెలిపించింది. 1972లో నిక్సన్, 1984లో రీగన్ చెరో 49 రాష్ట్రాలు ఊడ్చేసినప్పుడు కూడా ఇక్కడ డెమొక్రాట్ అభ్యర్థులు మెగవర్న్, మాండేల్ సునాయాసంగా గట్టెక్కారు. అలాంటి చోట రిపబ్లికన్ ట్రంప్‌కు 70 శాతం ఓట్లు పడ్డాయి.

రాత్రికి రాత్రే ఊరు మారిపోయిందని చాలామంది రాశారు. లెక్కలు అలా చెప్పడం లేదు. ఇక్కడ డెమొక్రాట్ అభ్యర్థుల్లో 2004లో జాన్ కెర్రీకి 70 శాతం, 2008లో ఒబామాకు 61, 2012లో 49. హిల్లరీ క్లింటన్ దగ్గరికి వచ్చేసరికి 26. గోడ అప్పటికే బీటలు వారింది, కూలిన చప్పుడు మాత్రం 2016లో వినపడింది.

అసలు ఆ గోడ ఎప్పటిది? ఎలియట్ కౌంటీ 1869లో, అమెరికా అంతర్యుద్ధం ముగిసిన నాలుగేళ్లకు, మోర్గన్, లారెన్స్, కార్టర్ కౌంటీల ముక్కలతో ఏర్పడింది. కెంటకీ యూనియన్‌ను, అంటే ఉత్తరాది పక్షాన్ని, వదిలిపెట్టలేదు కానీ ఇళ్లు రెండుగా చీలాయి. తూర్పు కొండల్లో యూనియన్ వైపు నిలబడ్డ జాక్సన్ లాంటి కౌంటీలు లింకన్ పార్టీకి, అంటే రిపబ్లికన్లకు, కట్టుబడిపోయాయి. దక్షిణాది మీద మనసున్న చోట్ల డెమొక్రాట్ ముద్ర పడింది. మన పల్లెల్లో 'మాది ఫలానా పార్టీ ఇల్లు' అంటారే, ఇదీ అలాంటిదే. తాత ఏ వైపు నిలబడ్డాడో మనవడి ఓటూ అటే.

అయితే పాత పగలు మాత్రమే నూట నలభై ఏళ్లు ఓటు వేయించలేవు. పొగాకు వేయించింది. ఇక్కడ పండేది బర్లీ. గుంటూరు, ప్రకాశం వాళ్లకు ఆ పేరు కొత్త కాదు. మొక్కను మొదలంటా నరికి, కర్రలకు గుచ్చి, కొట్టాంలో దూలాల మీద వరసలుగా వేలాడదీస్తారు. వర్జీనియా పొగాకుకు పెట్టినట్టు మంట పెట్టరు, గాలికే వారాల తరబడి ఆరుతుంది. ఆకు ఒలిచి వేలానికి తోలితే క్రిస్మస్ ముందు చేతికి నగదు వచ్చేది. కొండ కమతాలు చిన్నవి, చాలామందికి పొగాకు ఎకరం అటూ ఇటూ. ఆ మాత్రం పంటతో ఏడాది గడిచిందంటే 1930ల్లో అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ కాలంలో వచ్చిన కోటా (ఎవరెంత పండించాలో పెట్టిన పరిమితి), మద్దతు ధర పుణ్యమే. వేలంలో ఆ ధర పలకకపోతే సరుకు సహకార సంఘం తీసుకునేది. డెమొక్రాట్ అంటే వాషింగ్టన్‌లో ఎవరో కాదు, ఆ పొగాకు చెక్కే.

ఆ కోటా పద్ధతి 2004లో రద్దయింది. పరిహారం పదేళ్ల వాయిదాల్లో ఇచ్చి 2014తో ముగించారు. పార్టీ మారడానికి అదొక్కటే కారణమని నేననను. బొగ్గు మీద ఒబామా ప్రభుత్వ నిబంధనలు, తుపాకులు, గర్భస్రావం, చర్చి మాటలు అన్నీ కలిశాయి. జనంలో 95 శాతం పైగా తెల్లవాళ్లే అయిన కౌంటీ నల్లజాతి అభ్యర్థికి 2008లో 61 శాతం ఇచ్చిందన్నదీ మరిచిపోకూడదు. జాతి ఒక్కటే కారణమని తేల్చేస్తే ఆ అంకె అడ్డొస్తుంది.

పైనుంచి చూసేవాళ్లకు కనపడనిది ఇంకొకటుంది. కెంటకీలో షెరిఫ్ (కౌంటీ పోలీసు అధికారి), కౌంటీ క్లర్కు, ఆఖరికి జైలర్ కూడా పార్టీ టికెట్ మీద ఎన్నికల్లో గెలవాలి. జైలర్‌ను ఎన్నుకునే రాష్ట్రం అమెరికాలో ఇదొక్కటే. అభ్యర్థిని తేల్చే ప్రైమరీలో ఆ పార్టీ కింద నమోదైనవాళ్లే ఓటేయాలి. ఎలియట్‌లో రిపబ్లికన్ ప్రైమరీ ఉత్త నామమాత్రంగా ఉండేది కాబట్టి, ఊరి షెరిఫ్ ఎవరో తేల్చాలంటే డెమొక్రాట్‌గా పేరు రాయించుకోవలసి వచ్చేది. కాగితం మీద డెమొక్రాట్ల సంఖ్య ఎక్కువగా ఉండటంలో సిద్ధాంతం పాలు ఎంతో, ఈ అవసరం పాలూ అంతే.

అందుకే 2019లో గవర్నర్ పదవికి డెమొక్రాట్ ఆండీ బషీర్ పోటీ చేస్తే, మూడేళ్ల కిందట ట్రంప్‌కు 70 శాతం ఇచ్చిన ఎలియట్ ఆయన్ని గెలిపించింది. శాండీ హుక్ మనిషి రాకీ ఆడ్కిన్స్ 1987 నుంచీ రాష్ట్ర సభలో డెమొక్రాట్‌గానే కూర్చున్నాడు. గవర్నర్ ప్రైమరీలో బషీర్ చేతిలో ఓడి, తర్వాత ఆయనకే సలహాదారుగా చేరాడు. ఖాళీ అయిన ఆ సీటుకు 2020 ఫిబ్రవరిలో ఉపఎన్నిక జరిగింది. రిపబ్లికన్ గెలిచాడు.