పళ్ళ డాక్టర్ దగ్గర బోటాక్స్: అపోహలు - వాస్తవాలు

నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళు ఈమధ్య కుర్చీలో కూర్చోగానే "బోటాక్స్ వేస్తారా డాక్టర్ గారూ?" అని అడుగుతున్నారు. ఆ పేరు వింటేనే మా డెంటిస్టుల్లో కొందరు భయపడతారు, కొందరు వెంటనే సరే అంటారు. రెండూ నాకు నచ్చవు.

అపోహ: అది విషం, నోటి దగ్గరికి రానివ్వకూడదు.

వాస్తవం: బోటాక్స్‌లో ఉండే బొటులినం బాక్టీరియా తయారుచేసే విషమే. కానీ తగిన మోతాదులో అది మందు. కండరాన్ని బిగించమని నరం పంపే సంకేతాన్ని అక్కడికక్కడే ఆపుతుంది. అమెరికాలో మందులకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 1989లో దీన్ని మెల్లకన్నుకూ, కనురెప్పలు బిగుసుకుపోయే జబ్బుకూ అనుమతించింది. ముడతలకు అనుమతి వచ్చింది 2002లోనే.

అపోహ: ఒక్క ఇంజెక్షన్‌తో పళ్ళు కొరకడం పోతుంది.

వాస్తవం: పోదు. పేషెంట్లే కాదు, మావాళ్ళూ ఎక్కువగా పొరబడేది ఇక్కడే. నిద్రలో పళ్ళు కొరికించేది మెదడు. మందు పనిచేసేది దవడ కండరం మీద. అంటే కొరుకుడు ఆగదు, దాని బలం తగ్గుతుంది. పట్టేసిన దవడకు కొందరిలో హాయి దొరుకుతుంది, కానీ మూడు నాలుగు నెలల్లో ప్రభావం తగ్గిపోతుంది. పైగా ఈ అవసరానికి ఎఫ్‌డీఏ అనుమతి లేదు. అందుకే కొరుకుడుకు కారణం వెతుకుతూ నేను ముందు గురక ఉందా, టెన్షన్ ఉందా, డిప్రెషన్ మందులేమైనా వాడుతున్నారా అని అడుగుతాను. పళ్ళు అరగకుండా కాపాడేది రాత్రి పళ్ళకు పెట్టుకునే తొడుగు, అదే నైట్ గార్డే. మాటిమాటికీ ఇంజెక్షన్ చేస్తే దవడ ఎముక పలచబడుతుందేమోనన్న అనుమానం పరిశోధకుల్లో ఉంది. దాన్ని కొట్టిపారేయలేను.

అపోహ: నవ్వితే చిగుళ్ళు కనిపించే వాళ్ళందరికీ ఇదే మందు.

వాస్తవం: పై పెదవి మరీ పైకి లేస్తుంటేనే పనిచేస్తుంది. దవడ ఎముక పొడుగైనా, చిగురు పళ్ళను కప్పేసినా దీనివల్ల ప్రయోజనం లేదు.

అపోహ: ముఖం నిర్మాణం చదువుకున్నాం కాబట్టి ఏ డెంటిస్టయినా వేసేయొచ్చు.

వాస్తవం: ప్రత్యేక శిక్షణ కావాలి. దవడ కండరంలో సూది కాస్త ముందుకు జరిగితే నవ్వు వంకరపోతుంది, మందు ప్రభావం పోయేదాకా నెలల తరబడి అలాగే ఉంటుంది. ఒక బ్రాండ్ యూనిట్లు ఇంకో బ్రాండ్ యూనిట్లతో సమానం కాదు. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు, మయస్థీనియా గ్రేవిస్ (కండరాలు బలహీనపడే జబ్బు) ఉన్నవాళ్ళకు నేను వేయను. జెంటామైసిన్ లాంటి యాంటీబయాటిక్ వాడుతున్నవాళ్ళను ఆ కోర్సు పూర్తయ్యాక రమ్మంటాను.