సన్నని బీటే ఎందుకు మొరాయిస్తుంది?

"ఎముక ముక్కలుముక్కలైన మనిషికి ఆర్నెల్లలో అతుక్కుంది. సన్నని బీట పడ్డవాడికి ఎముక మీద బిగించిన లోహపు ప్లేటే విరిగింది. ఇదేం విడ్డూరం?" అని ఓ పాఠకుడి ప్రశ్న. జాతకాల మాట అలా ఉంచండి, ఇది భాగహారం లెక్క.

దావోస్‌లో ఎముకల మీద పరిశోధన చేసిన స్విస్ సర్జన్ స్టెఫాన్ పెరెన్ 1970లలో ఈ లెక్క కట్టారు. విరిగిన కొసల కదలికని వాటి మధ్య సందుతో భాగిస్తే వచ్చేది స్ట్రెయిన్, అంటే సాగుడు. సందు 10 మి.మీ., కదలిక 1 మి.మీ. అయితే సాగుడు 10 శాతం. సందు 1 మి.మీ. అయితే అదే కదలికకి 100 శాతం! జానెడు రబ్బరుని అంగుళం లాగితే ఏమీ కాదు. అర అంగుళం ముక్కని అంతే లాగి చూడండి, ఎంత బిగుసుకుంటుందో!

సందులో మొదట పుట్టే మెత్తని కణజాలం 100 శాతం సాగినా బతుకుతుంది. మృదులాస్థి ఓర్పు 10 శాతం, గట్టి ఎముకది 2 శాతం. అంటే 1 మి.మీ. సందులో నేరుగా ఎముక పుట్టాలంటే కదలిక 0.02 మి.మీ. దాటకూడదు. ముక్కలైన ఎముకలో ఆ కదలికనే అయిదారు సందులు పంచుకుంటాయి. ఒంటి బీట అంతా తానే భరించాలి.

ఒంటికీ ఈ లెక్క తెలుసు. కొన్ని వారాలకి కొసలు కాస్త అరిగి సందు వెడల్పవుతుంది, సాగుడు తగ్గుతుంది. ఎక్స్‌రేలో బీట పెద్దదైందని అప్పుడే కంగారుపడి పాయా మోతాదు పెంచుతారు. పాయా రుచికి మంచిదే. అతుకు కోసమైతే బీడీ మానడం మేలు.

సర్జన్ చేతిలో తప్పేదీ ఇక్కడే. బీటని నొక్కిపెట్టే 3.5 మి.మీ. స్క్రూకి ఎముక దగ్గరి గోడలో (పైనుండే గట్టి పొరలో) 3.5 డ్రిల్, అవతలి గోడలో 2.5 డ్రిల్ వాడాలి. అప్పుడు స్క్రూ తల ఇవతలి గోడని తోస్తే, స్క్రూ ఒంటి మీది మెలికల మరలు అవతలి గోడని లాగుతాయి. రెండింటికీ 2.5 వాడితే మరలు రెండు గోడల్నీ పట్టేసి, ఉన్న సందుని ఉన్నట్టే బిగిస్తాయి. ఇక బరువంతా ప్లేటు మీదే. ఇనుప తీగని అటూ ఇటూ వంచి విరిచినట్టు నెలల తరబడి వంగివంగి విరుగుతుంది. ముక్కలైన ఎముకకి పద్ధతి వేరు. ప్లేటుని వంతెనలా వేసి నడిమి రంధ్రాలు ఖాళీగా వదలాలి. అన్నీ నింపితే వంగుడంతా ఒక్క రంధ్రం దగ్గరే పడుతుంది. 'డబ్బు తీసుకుని స్క్రూలు ఎగ్గొట్టారు' అనుకోకండి.

ఇది బోర్డు మీద బొమ్మతో వంటబట్టే విద్య కాదు. 1958లో ఏఓ అనే బృందంగా ఏర్పడ్డ స్విస్ సర్జన్లు 1960లో దావోస్‌లో తొలి కోర్సు పెట్టి, సర్జన్లకి డ్రిల్లు చేతికిచ్చి నేర్పారు. ఇప్పుడు ఇలాంటి కోర్సుల్లో ప్లాస్టిక్ ఎముకలు వాడతారు. గట్టి గోడ దాటగానే డ్రిల్ శబ్దం మారుతుంది. అది చెవికి పట్టుబడకపోతే మొన అవతలి నరాల్లోకి దూసుకుపోతుంది. మొన మొద్దుబారితే వేడి పుడుతుంది. నిమిషం పాటు 47 డిగ్రీలు తగిలినా ఎముక దెబ్బతింటుంది, అందుకే సెలైన్ పోస్తూ తొలుస్తారు.

పుత్తూరు కట్టు సంగతేమిటంటారా? వెదురుబద్దల మధ్య ఎముక కొద్దిగా కదులుతుంది, చుట్టూ కాలస్, అంటే అతుకు వేసే కొత్త ఎముక, ఊరుతుంది. ఎముక నడుమ విరిగి, ముక్కలు పక్కకి జరగకుండా ఉంటే అలా అతుక్కోవచ్చు. కీలులో విరిగితే వంకరగా అతికే ప్రమాదముంది. బిగువు మరో ముప్పు. వేళ్లు తిమ్మిరెక్కి, ఎవరైనా వాటిని చాచితే ప్రాణం పోయేంత నొప్పి వస్తే కట్టు వెంటనే కోసి ఆసుపత్రికి వెళ్లాలి. లోపల కండ చావడానికి కొన్ని గంటలు చాలు.